పీనుగ కదిలిన ఫోటో

ఒక మనిషి ప్రాణం కాపాడదామని నా జీవితంలో ఒకే ఒక్కసారి పరిగెత్తాను. ఆ పరుగుతో అతని ప్రాణం తీసినంత పని చేశాను. పరిగెత్తకుండా ఓ మూల కూర్చుని చాయ్ తాగి ఉంటే అందరం బాగుండేవాళ్ళం. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది వినేవాళ్ళు సగంలోనే "అయ్యో, ఎంత మంచివాడివయ్యా" అంటుంటారు. తొందరపడకండి. చివరిదాకా విని, ఆ మాట మీరే వెనక్కి తీసుకుందురు గాని.

మొన్న మా మనవలు హైదరాబాదు దగ్గర ఏదో పెద్ద తమాషాల పార్కుకు పోయివచ్చారు. మనుషుల్ని తలకిందులు చేసి తిప్పే బండి ఎక్కి, ఆ తిప్పుడులో తీసిన ఫోటో ఒకటి తెచ్చుకున్నారు. అందులో అందరూ నోళ్ళు తెరిచి ఏడుస్తున్నారు. "తాతా, మీ కాలంల గిసుంటియి ఉండెనా?" అని అడిగారు. నాకు రోషం వచ్చింది. అటక మీది రేకుపెట్టె దింపించి, మానుకోటలో తమాషా బాగ్ పెట్టిన కొత్తలో నేను తీసిన ఫోటోలన్నీ చాప మీద పరిచాను. చెక్క విమానంలో ఇరుక్కుని కూర్చున్న సంసారాలు, చెక్క గుర్రం మీద పట్టు టోపీ పిల్లలు, వాళ్ళ వెనక నిటారుగా తల్లులు. ఒక్క మొహంలో నవ్వు లేదు. ఆ రోజుల్లో ఫోటో ముందు నవ్వడమంటే కచేరీలో దొర ముందు నవ్వడమే.

చిన్న మనవరాలు అడుగు నుంచి ఒక ఫోటో లాగింది. కుర్చీలో ఒక మనిషి, చుట్టూ ఇద్దరు. కుర్చీ మనిషి మెడలో బంతిపూల దండ. దండ పైన మాత్రం తల లేదు. తల ఉండాల్సిన చోట గుండ్రంగా నల్లటి చీకటి.

"తాతా, గీయన తల ఏది?"

"నేనే తీసిన" అన్నాను. పిల్ల ఫోటో అక్కడే పడేసి వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆ తల కథే ఇది.

అవి మిలిటరీ వచ్చిన కొత్త రోజులు. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు, కానీ కమ్యూనిస్టు దళాలు ఇంకా అడవిలోనే ఉన్నాయి. వాళ్ళ కోసం ఊరూరా క్యాంపులు. పొద్దుగూకితే తలుపులు పడేవి. పొద్దున లేచి చూసుకుంటే ఎవరింట్లోనో ఒక మనిషి తక్కువయ్యేవాడు. సరిగ్గా ఆ ముహూర్తం చూసి మా రాజలింగం మామ మానుకోటలో తమాషాల మైదానం తెరిచాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. మా మామ ఆ మంట వెలుగులో రంగులరాట్నం తిప్పుదామనుకున్న రకం.

గొడవలకు భయపడి పారిపోయిన ఏదో కంపెనీ సామానంతా ఆయన చేతికొచ్చింది. పళ్ళికిలించే చెక్క గుర్రాలు, ఒక చెక్క విమానం, మనిషిని పొట్టిగా పొడుగ్గా చూపించే అద్దాలు, వాటితో పాటు ఒక పెద్ద కెమెరా. జనగామ స్కూల్లో చదివి, లింగాల ఘనపూర్ లో మా నాయిన పొలం గట్టున ఖాళీగా కూర్చున్న నన్ను పిలిపించి, "సత్తిగా, నువ్వు సదువుకున్నోనివి, కెమెరా నీదే" అన్నాడు. ఎవరో ఒక సాయిబు దగ్గర కొన్నాళ్ళు పని నేర్చుకుని, నేను ఫోటోగ్రాఫరునయ్యాను. ఇరవై ఏళ్ళ వయసు. నాకు తెలియనిది భూమ్మీద లేదనుకునే వయసు.

మొదటి పది రోజులు దాటాక జనం వచ్చేవాళ్ళు కాదు. జనం లేరని తెలిస్తే ఉన్నవాళ్ళూ రారని మామ గుర్రాలను ఉత్తవే తిప్పించేవాడు. మధ్యాహ్నపు ఎండలో, మైదానంలో మనిషన్నవాడు లేకుండా, ఆ గుర్రాలు పైకీ కిందికీ ఊగుతూ తిరిగేవి. ఇరుసుకు నూనె లేక పసిపిల్ల ఏడుపులాంటి చప్పుడు. ఉత్త గుర్రాల మీద ఎవరు ఎక్కి తిరుగుతున్నారో మాకేం తెలుసని ఊళ్ళో ముసలమ్మలు పిల్లల్ని అటు రానిచ్చేవారు కాదు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆ గుర్రాల వైపు వీపు పెట్టి నిలబడేవాణ్ణి కాదు.

మరి నా గిరాకీ ఎవరంటారా? పీనుగలు.

నవ్వకండి. మా వైపు అప్పట్లో బతికినవాళ్ళు చాలామంది ఫోటోకు భయపడేవాళ్ళు, తీస్తే ఆయుష్షు తగ్గుతుందని. చచ్చినవాళ్ళకు తగ్గడానికి ఏం మిగలలేదు గనక, మట్టి చేసే ముందు కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా రొమ్ముకు తువ్వాలు కట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఒక ఫోటో తీయించుకునేవారు. మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా అదొక్కటే ఫోటో. మా పెద్ద కెమెరా మైదానం దాటేది కాదు కాబట్టి, పాడె వచ్చే దారిలో తమాషా బాగ్ దగ్గర ఆగేది. కుర్చీ వెనక తెర మీద విమానం, మబ్బులు రాసి ఉండేవి. "ఇమానంల పోయినట్టే ఉన్నడు" అని ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. అంత మంచి గిరాకీని నేను మళ్ళీ చూడలేదు. కదలరు, తల దువ్వుకోరు, బాగా రాలేదు ఇంకొకటి తియ్యమనరు.

ఒకరోజు మధ్యాహ్నం డప్పులు వినబడ్డాయి. పాడె నా ఫోటో గుడారం ముందు ఆగింది. మోసేవాళ్ళు కాక, ఒక ముసలాయన, ఒక పడుచు మనిషి. ముసలాయన పేరు బక్కయ్య, ఆమెకు మామ. ఆమె పేరు లచ్చవ్వ. పాడె మీద ఉన్నది ఆమె పెనిమిటి మల్లయ్య. రేగొండ అవతలి నుంచి కైకిలి పనికి వచ్చారట, జెరమొచ్చి పోయాడట. ఈ ముక్కలన్నీ బక్కయ్య ఒక్క గుక్కలో, ఎవరో ఒప్పజెప్పించినట్టు చెప్పాడు.

"ఫోటో తియ్యాలె" అంది లచ్చవ్వ.

"ఒద్దు" అన్నాడు బక్కయ్య. "పొద్దుగూకకముందు పోవాలె. పీనుగకు ఫోటో ఏందే?"

"నాకు గావాలె."

"నీకు పిచ్చి లేసిందా? ఇంటికాడ ఏమనుకున్నం, గిప్పుడేమంటున్నవు?"

"లగ్గమైనప్పటి సంది ఒక్క ఫోటో లేదు మాకు. తీస్తెనే పాడె లేస్తది. లేకుంటె నేను గీడ్నే కూసుంట."

మోసేవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నాకు బక్కయ్య మీద ఒళ్ళు మండింది. మొగుడు పోయిన మనిషి ఒక్క ఫోటో అడిగితే ఇంత పీనాసితనమా అనుకుని, పెద్దమనిషిలా మధ్యలో దూరాను.

"తాతా, ఎంతసేపు? చిటికెల తీస్త."

ఆయన నా వైపు చూసిన చూపుకు ఇంకొకడైతే కెమెరా సర్దుకుని జనగామ పోయేవాడు.

మల్లయ్యను కుర్చీలో కూర్చోబెట్టారు. మొహమంతా పసుపు, ముక్కుల్లో దూది, నుదుటి మీద బిళ్ళ. తల ఒక పక్కకు వాలితే నేనే గడ్డం పట్టుకుని సరిచేశాను. గడ్డం వెచ్చగా ఉంది. ఎండకు వేడెక్కింది కాబోలు అనుకున్నాను. నా తెలివి అప్పట్లో అలా ఉండేది. ఎండలో పెట్టిన బిందె వేడెక్కదా, పీనుగ వేడెక్కదా అని శాస్త్రం చెప్పుకున్నాను.

లచ్చవ్వను కుర్చీ పక్కన, గొణుగుతున్న బక్కయ్యను వెనక నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చాను.

"అక్కా, కదలొద్దు. రెప్ప గూడ కొట్టొద్దు. నా దిక్కే చూడు. అటు చూస్తే ఏడుపొస్తది, ఫోటో ఖరాబైతది."

ఆమె రాయిలా నిలబడింది. కెమెరా మూత తీసి, గొణుక్కుంటూ లెక్కపెట్టి, మూత పెట్టాను. గుడారంలో వెలుతురు తక్కువ కాబట్టి ఆ లెక్క కాస్త పెద్దదే. పాడె లేచింది, డప్పులు క్యాంపు వైపు కదిలాయి. "ఫోటో దినాల నాటికి పట్టుకపోత" అని లచ్చవ్వ వెళ్ళిపోయింది.

నేను గుడారం వెనక చీకటి గదిలో దూరాను. గది అంటే నాలుగు నల్ల దుప్పట్లు, ఎర్ర గాజు లాంతరు. బయట గుర్రాల ఇరుసు ఏడుస్తోంది. గాజు ప్లేటును మందునీళ్ళలో వేసి ఊపుతుంటే మనుషులు మెల్లగా తేలారు. చూసినవాళ్ళకు తెలుసు, ప్లేటు మీద అన్నీ తారుమారు. తెల్లపంచె నల్లగా, నల్లజుట్టు తెల్లగా ఉంటుంది. లచ్చవ్వ తేలింది, బక్కయ్య తేలాడు. మల్లయ్య తేలాడు. మల్లయ్యకు రెండు మొహాలున్నాయి.

ఒకటి నేను సరిచేసిన మొహం, కళ్ళు మూసుకుని ఎదురుగా. దాని మీదే, పొగలాగా, ఇంకొక మొహం పక్కకు తిరిగి ఉంది. ఆ మొహానికి కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎర్ర వెలుతురులో, నీళ్ళ అడుగున, ఆ తెల్లటి కనుపాపలు ఊగుతున్నాయి.

ఆంజనేయ దండకం మొదలుపెడితే జనగామ స్కూలు ప్రార్థన వచ్చింది. ఇంకొకడైతే అక్కడే పడిపోయి, దయ్యమని నమ్మి, నోరు మూసుకుని బతికేవాడు. నేను చదువుకున్నవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా? నాకు సాయిబు చెప్పిన పాఠం గుర్తొచ్చింది: బతికినవాళ్ళు ఫోటోలో చెదురుతారు, చచ్చినవాళ్ళు గీత గీసినట్టు పడతారు. ఈ మనిషి చెదిరాడు. అంటే కదిలాడు. అంటే బతికే ఉన్నాడు. అంటే, ఆ అమాయకులు బతికున్న మనిషిని తీసుకుపోయి మట్టి కప్పబోతున్నారు.

ఇప్పుడనండి, ఎంత మంచివాడివని.

తడి ప్లేటు చేత పట్టుకుని, నీళ్ళు కారుతుండగా పరుగందుకున్నాను. మామ గేటు దగ్గర నిలబడి, "ఏందిరా, ఏడికిరా?" అన్నాడు. "పీనుగ కోసం" అన్నాను. శనిపీనుగ ఒంటిగా పోదంటారు. ఆ రోజు శనివారం కాదు గానీ తోడుకు నేను దొరికాను.

ఊరి చివర దింపుడు కళ్ళం ఉంది. పాడెను అక్కడ ఒకసారి నేలకు దించి, చచ్చిన మనిషి చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తారు. ఎక్కడైనా కాస్త ప్రాణం దాక్కుని ఉంటే, ఆ పిలుపుకు పలుకుతాడేమోనని ఆశ. ఎవరూ పలికిన జాడ లేదు గానీ పిలవడం మాత్రం మానరు. మిలిటరీ వాళ్ళకు ఈ సంగతి తెలియక సరిగ్గా దాని ఎదురుగానే క్యాంపు గుడారాలు వేసుకున్నారు. దూరదేశాల నుంచి వచ్చిన పిల్లలు. పీనుగల చెవుల్లో జనం మాట్లాడటం రోజూ చూసి చూసి, వాళ్ళకు తుపాకులున్నా నిద్రలుండేవి కావట.

నేను చేరేసరికి పాడె దించారు. లచ్చవ్వ ఇంకా వంగలేదు.

"ఆపుండ్రి" అన్నాను రొప్పుతూ. "పూడ్సకుండ్రి. గాయన బతికే ఉన్నడు."

డప్పులు ఆగిపోయాయి. నేను ఏమనుకున్నానంటే, లచ్చవ్వ నా కాళ్ళ మీద పడుతుందని, బక్కయ్య నన్ను కౌగిలించుకుంటాడని, ఊళ్ళో నా గురించి పాటలు కడతారని. ఒక్కరూ సంతోషించలేదు. మొగుడు బతికున్నాడని చెప్తే, ఆ భార్య నన్ను చంపేసేలా చూసింది. మోసేవాళ్ళలో ఒకడు నడుం దగ్గర తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

క్యాంపు గేటు లోంచి మిలిటరీ జమేదారు బయటికి వచ్చాడు. "క్యా హువా?"

ఆయనకు తెలుగు రాదు. దేవుడు అక్కడిదాకా మాకు దయ చూపించాడు. కానీ నా దరిద్రానికి నా చదువంతా ఉర్దూలో సాగింది. పరీక్షలో ఎప్పుడూ రాని ఉర్దూ ఆ రోజు తేనెలా వచ్చింది. "జిందా హై సాబ్" అన్నాను. "యే ముర్దా జిందా హై. మేరే పాస్ సబూత్ హై." పీనుగ బతికుందనీ, రుజువు నా దగ్గరుందనీ, ప్లేటు పైకెత్తి మరీ చెప్పాను.

బక్కయ్య నా పక్కకు వచ్చాడు. మొహం మీద దుఃఖం అలాగే ఉంచి, పెదాలు కదపకుండా నా చెవిలో అన్నాడు:

"పిలగా, వాడు సచ్చిండు. నువ్వు గూడ సస్తవు. నోరు మూస్కో."

అప్పుడు చూశాను. మల్లయ్య పసుపు నుదుటి మీద ఒక చెమట బొట్టు బయల్దేరి, కనుబొమ్మ దాకా జారి ఆగింది. చచ్చినవాళ్ళకు చెమట పట్టదని సాయిబు చెప్పలేదు గానీ నాకే తెలుసు. క్యాంపు దాటితే శ్మశానం, శ్మశానం దాటితే అడవి. ఏ మనిషి కోసం ఈ క్యాంపు వేశారో, ఏ మనిషి మొహం వీళ్ళెవరూ చూడలేదో, ఆ మొహాన్ని నేను ఫోటో తీసి, చేత్తో పట్టుకుని, తెచ్చి గేటు ముందు ఎత్తి చూపిస్తున్నాను.

"సబూత్ దిఖావ్" అన్నాడు జమేదారు.

కొత్తగా కడిగిన ప్లేటు మీద బొమ్మ మీగడలా మెత్తగా ఉంటుంది. ప్లేటు ఆయనకు అందించే లోపల నా బొటనవేలు దానంతట అదే మల్లయ్య తల మీదికి పోయింది. నొక్కి, ఒక్కసారి తిప్పాను. రెండు మొహాలూ నా వేలికి నల్లగా అంటుకున్నాయి.

జమేదారు ప్లేటును ఎండకు ఎత్తి చూశాడు. నల్లటి మొహాలతో, తెల్లటి జుట్టుతో దయ్యాల కుటుంబం ఒకటి, మధ్యలో కుర్చీలో తల లేని మొండెం. ఆయన వెనక నుంచి తొంగిచూసిన జవాను ఏదో మంత్రం చదువుకుంటూ రెండడుగులు వెనక్కి పోయాడు.

"సర్ కహాఁ హై?" తల ఏదిరా అని.

"అబ్ తక్ థా సాబ్" అన్నాను. ఇప్పటిదాకా ఉండింది సాబ్. అబద్ధం కాదు కదా.

జమేదారు నన్ను చూశాడు, ప్లేటును చూశాడు, పాడె వైపు నడిచాడు. చేతిలో బెత్తం. పసుపు మొహం మీదికి వంగబోతున్నాడు. ఆ చెమట బొట్టు ఇంకా కనుబొమ్మ మీదే ఉంది. నా వల్ల ఒక మనిషి చావబోతున్నాడు, అదీ నేను బతికించడానికి వచ్చినందుకు.

అప్పుడు లచ్చవ్వ కదిలింది. జమేదారుకూ పాడెకూ మధ్య కూలబడి, కొంగుతో మొగుడి మొహం తుడుస్తున్నట్టు తుడిచి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"మల్లయ్యా."

జమేదారు ఆగి చూస్తున్నాడు.

"మల్లయ్యా. నేను లచ్చిని. బతికుంటె పలుకు."

అది మామూలు గొంతు కాదు. ఆ ఎండలో నాకు చలి పుట్టింది. అతను బతికున్నాడని అక్కడ అందరికంటే బాగా తెలిసిన మనిషి నేను. ఆ పిలుపుకు అతను ఎలా పలకకుండా ఉన్నాడో నాకిప్పటికీ అర్థం కాదు. నన్ను పిలిచి ఉంటే నిజంగా చచ్చినా పలికేవాణ్ణి.

"మల్లయ్యా."

మూడోసారి కూడా పలకలేదు. రెప్ప కదల్లేదు. లచ్చవ్వ నేలకు తల కొట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో నటన ఎంతో, నిజం ఎంతో నాకు తెలియదు. జమేదారు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "లే జావ్" అన్నాడు మెల్లగా. పాడె లేచింది. ఆ ప్లేటు నా చేతిలో పెట్టి, బెత్తంతో నా నడినెత్తిన ఒక్కటి వేసి, ఇంకోసారి ఈ చుట్టుపక్కల కనబడితే ఆ ఫోటోలో ఉన్నట్టే నిన్ను చేస్తానన్నాడు.

ఊళ్ళో మాత్రం నన్ను అంత సులువుగా వదల్లేదు. "సత్తిగానికి గాలి సోకింది" అని మామ తేల్చేశాడు. వేపమండలాయన్ని పిలిపించి, నన్ను చెక్క గుర్రం మీద కట్టేసి, రాట్నం తిప్పిస్తూ, ఎదురొచ్చినప్పుడల్లా మండలతో కొట్టించాడు. "ఎవలు నువ్వు? ఎందుకొచ్చినవు?" అని ఆయన అడగడం, "సత్తయ్యను, ఫోటోలు తీయనీకి వచ్చిన" అని నేను చెప్పడం, అబద్ధమాడుతోంది దయ్యమని ఇంకో దెబ్బ. చూడటానికి ఊరంతా వచ్చింది. తమాషా బాగ్ కు అంత జనం రావడం అదే మొదలు, అదే ఆఖరు. దయ్యం పోయిందా లేదా అని మామ మర్నాడు కూడా అనుమానపడ్డాడు, గిరాకీ చూసి.

తర్వాత కొన్నేళ్ళకు గొడవలన్నీ సద్దుమణిగాయి. తమాషా బాగ్ మూతపడింది, నేను జనగామలో సొంతంగా ఫోటో దుకాణం పెట్టుకున్నాను. ఒకరోజు లచ్చవ్వ వచ్చింది. నుదుట బొట్టు లేదు. నేను లేచి నిలబడ్డాను, కూర్చోమనాలని కూడా తోచలేదు.

"తమ్మీ, నా ఫోటో ఇయ్యి" అంది. దినాలకు తీసుకుపోతానన్న ఫోటో.

తల లేని ఫోటో ఆమె చేతిలో పెట్టాను. ఎందుకు తుడిచానో ఆమెకు తెలుసు, అయినా చెప్పాను.

"మరి బతికున్నడని నీకెట్ల తెలిసె?"

"తల తిప్పిండక్కా. రెండు మొఖాలు పడ్డయి. ఒకటి ఎదురుగ, ఒకటి నీ దిక్కు. కండ్లు తెరిచి నిన్నే చూస్తుండె."

ఆమె ఆ నల్లటి చీకటి మీద వేలు పెట్టింది.

"నువ్వు కదలొద్దంటివి" అంది. "నేను నీ దిక్కే చూస్తి."

నేను అప్పటికి స్టూలు ఆమె ముందుకు జరిపాను.

"తర్వాత రెండేండ్లకు నిజంగనే తెచ్చిండ్రు" అంది లచ్చవ్వ. "మా ఊరి కాడ దింపుడు కళ్ళంల పిలిసిన. మొదటిపారి క్యాంపు కాడ పలకొద్దని మొక్కుకుంట పిలిసిన. రెండోపారి పలుకమని పిలిసిన. రెండుపార్లు పలకలే." ఆమె చిన్నగా నవ్వింది. "నువ్వు యాదికొచ్చినవు తమ్మీ. ఉరికొస్తవేమో అని తొవ్వ దిక్కు సూసిన."

ఆమె ఎదురుచూసిన ఆ పూట నేను ఎక్కడున్నానో తెలియదు. బహుశా జనగామలో కూర్చుని ఎవరిదో పెళ్ళిఫోటో కడుగుతూ ఉంటాను. పరిగెత్తకూడని రోజు పరిగెత్తి, పరిగెత్తమని ఒక మనిషి దారి చూసిన రోజు ఇంట్లో ఉన్న మొనగాణ్ణి నేను. ఆమె ఫోటో కొంగులో చుట్టుకుని పోయింది. గాజు ప్లేటు నా దగ్గరే ఉంది గనక దాంతో తర్వాత నాకోసం ఇంకో ఫోటో వేసుకున్నాను.

ఆ రోజే దుకాణం తలుపు వేసి, కెమెరా మీద చెయ్యి పెట్టి, గట్టిగా ఒట్టు వేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ పాడె వెనకా పరిగెత్తను. ఇంటివాళ్ళు పోయాడంటే పోయాడు, అంతే. ఎంత చెదిరిన ఫోటో వచ్చినా నా చెయ్యే వణికిందంటాను. సాక్షాత్తూ పీనుగే లేచి కూర్చుని చాయ్ అడిగితే, చక్కెర ఎంత వెయ్యాలని అడిగి మరీ పోస్తాను గానీ, బతికున్నాడన్న మాట మాత్రం నా నోటి వెంట రాదు, ఉర్దూలో అయితే అసలే రాదు.